మూడో చెయ్యి

బాలనర్సయ్య తన యాభై రెండేళ్ల బతుకులో ఎంతమందికి అన్నం వడ్డించి ఉంటాడో చెప్పడం కష్టం. హఫీజ్‌పేట్‌లో గానీ, కొండాపూర్‌లో గానీ, మియాపూర్‌లో గానీ పెండ్లి జరిగినా, దినాలు జరిగినా, మైసమ్మకు యాటను కోసినా, బంతుల మధ్య బకెట్ పట్టుకుని నడుం వంచి నడిచేది అతనే. అదే మనిషి హోటల్లో కూర్చుని ఒకరి చేత వడ్డించుకుని తిన్నది మాత్రం మూడే సార్లు. మూడుసార్లూ ఆకలి తీరకుండానే లేచి వచ్చాడు.

మొదటిసారి లింగంపల్లి స్టేషన్ దగ్గర. అప్పటికి పెళ్లి కాలేదు. రోటీ, ఖీమా చెప్తే బిస్కెట్లు తెచ్చి పెట్టారు. ఇవి కావంటే ప్లేటు తీసుకుపోయినవాడు మళ్లీ ఆ వైపు రాలేదు. రెండోసారి కోఠీలో, భార్య భూలక్ష్మితో. పూరీలోకి కూర అయిపోతే ఇంకాస్త అడుగుదామని బాలనర్సయ్య చెయ్యెత్తి కూర్చున్నాడు. సర్వర్లు ఆ చేతి కిందినుంచే అటూ ఇటూ తిరిగారు. చివరికి భూలక్ష్మి, "చెయ్యి దించుండ్రి, బస్సు ఆపుతున్నరనుకుంటరు" అంది. మూడోసారి రోహిణి పదో తరగతి పాసైన రోజు. తండ్రీకూతుళ్లు ఇంకా తింటూనే ఉన్నారు, ఒకడు వచ్చి తడిగుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టాడు. వీళ్ల ప్లేట్ల చుట్టూ తుడిచాడు, ప్లేట్లు ఎత్తి కింద తుడిచాడు. నవ్వాపుకోలేక రోహిణికి పొలమారింది. నీళ్లడిగితే, అదే గుడ్డ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఈ సంగతులు బాలనర్సయ్య కోపంగా చెప్పేవాడు కాడు. పని వచ్చినవాడు పని రానివాళ్ల గురించి చెప్పినట్టు కొంచెం జాలిగా చెప్పేవాడు. అతని లెక్కలో వడ్డించేవాడి కళ్లు విస్తరి మీదే ఉండాలి, మనిషి మొహం మీదికి పోకూడదు. మొహం చూశాడంటే ఈయన పటేలు, ఈయన కూలి అని తేడా వచ్చేస్తుంది, గంటె దానంతటదే పెద్దదీ చిన్నదీ అవుతుంది. విస్తరి చూస్తే చాలు, ఆకలి ఎంతుందో తెలుస్తుంది. అన్నం మధ్యలో గుంట చేసుకున్నవాడు చారు కోసం చూస్తున్నాడు. వేళ్లు నాకుతున్నవాడికి మొహమాటం, అడగడు, అడక్కుండానే వెయ్యాలి. రెండు చేతులూ నేలకు ఆనించాడంటే లేవబోతున్నాడు, పెరుగు రాలేదని చెప్పి ఆపాలి. ఒకచోట కుదురుగా ఉండని వాళ్లు దేశంలో ఎన్నో పంక్తుల్లో తింటారు. విస్తట్లో ఉప్పు ఏ మూల పెట్టాలో తగువులాడుకునే కోస్తా పంతుళ్ల ఇళ్లలో, నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ చెయ్యి తీసేదాకా ఎవరూ కదలని పాతబస్తీ దావతుల్లో. అంత తిరిగినా ఇంత వివరంగా విస్తరి చదివే మనిషి తగలడం అరుదు.

కడుపు నింపే పని మాత్రం అది కాదు. బతుకుతెరువు బండ. మాదాపూర్ గుట్టల్లో ఇరవై ఏళ్లు రాయి కొట్టాడు. తరువాత ఆ గుట్టలనే మందుగుండు పెట్టి పేల్చి, చదును చేసి, అద్దాల మేడ కట్టారు. పోయినేడు అది తెరిచినప్పుడు పేపర్లో బొమ్మ వేశారు. బాలనర్సయ్య ఆ బొమ్మ చూసి, మేడకు ఎడమ పక్క మిగిలిన బండను గుర్తుపట్టాడు. "గిది మన బండనే" అన్నాడు భూలక్ష్మితో. ఇప్పుడు టెంటుహౌస్‌లో కుర్చీలు ఎక్కించి దించే పని చేస్తున్నాడు.

వాళ్ల కులంలో ఒక పద్ధతి ఉంది. మొగుడూపెళ్లాలు విడిపోయి, పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చితే, ఆ మాట నోటితో తేలేది కాదు. రెండు వైపులవాళ్లూ ఒక్క బంతిలో కూర్చుని తినాలి. ఇటు ఇంట్లో కాదు, అటు ఇంట్లో కాదు, ఎవరిదీ కాని చోట. వడ్డించేది ఇటువాళ్ల చెయ్యి కాకూడదు, అటువాళ్ల చెయ్యి కాకూడదు, మూడో చెయ్యి కావాలి. కూర్చున్నాక అందరూ తిని, అందరూ ఒక్కసారే లేవాలి. మధ్యలో ఎవరు లేచినా రాజీ పోయినట్టే, ఒక జంటకు రెండో బంతి లేదు. ఈ కట్టడి ఎందుకు పుట్టిందో పుస్తకాల్లో దొరకదు. బహుశా కోపం మీదున్న మనుషులను ఒక పూట కదలకుండా కూర్చోబెట్టడానికి అన్నం కంటే మంచి తాడు దొరకలేదేమో.

ఆ మూడో చెయ్యి ముప్పై ఏళ్లుగా బాలనర్సయ్యదే. అతను వడ్డించిన ఏ రాజీ బంతీ మధ్యలో లేవలేదు.

ఇప్పుడు బంతి అతని బిడ్డది.

రోహిణిని పుప్పాలగూడ ఇచ్చారు. అల్లుడు మహేశ్ జీపు నడుపుతాడు. ఒక సాయంత్రం ఆ జీపు అమ్మి ప్లాటు కొందామన్న మాట దగ్గర రోహిణి వద్దంది. మహేశ్ చెయ్యి చేసుకున్నాడు. అత్త కొమురమ్మ అడ్డం రాకపోగా, "ఇంకో రెండు వెయ్యి, సిగ్గొస్తది" అంది. రోహిణి కట్టుబట్టతో బయటికొచ్చి బస్సెక్కింది. రెండేళ్ల నితీష్ నిద్రపోతున్నాడు, లేపితే ఏడుస్తాడని, పొద్దున్నే వచ్చి తీసుకుపోవచ్చని అనుకుంది. పొద్దున వెళితే తలుపు తియ్యలేదు. ఏడు నెలలు గడిచాయి. కిటికీలోంచి రెండుసార్లు చూసింది. రెండోసారి వాడు తల్లిని చూసి కిటికీ దగ్గరికి రాలేదు, ఎవరో అనుకుని నానమ్మ చాటుకు పోయాడు. ఆ రాత్రినుంచి రోహిణికి అన్నం దిగడం మానేసింది.

"నేను మొగని కోసం పోతలేను నాయినా. పిలగాని కోసం పోతున్న" అని ఆమే చెప్పింది. పెద్దమనిషి లక్ష్మీనారాయణ నాలుగు నెలలు తిరిగి పుప్పాలగూడవాళ్లను ఒప్పించాడు. బంతి లేచిన వెంటనే పిల్లవాణ్ణి తల్లి ఒళ్లో పెట్టాలి, తల్లీకొడుకులు అటునుంచి అటే పుప్పాలగూడ వెళ్లాలి. ఇది కూడా చెడితే మహేశ్‌కు వేరే సంబంధం చూస్తామనీ, పిల్లవాడు తమ దగ్గరే ఉంటాడనీ అవతలివాళ్లు ముందే చెప్పేశారు.

ఎవరిదీ కాని చోటు అంటే వాళ్లకు ఎప్పుడూ మాదాపూర్ ఈతవనమే. ఇప్పుడు దాని చుట్టూ ప్రహరీ లేచింది, గేటు దగ్గర టోపీ పెట్టుకున్నవాడు నిలబడ్డాడు. ఎక్కడా అని అందరూ తలలు పట్టుకుంటే కొమురమ్మ కబురు పంపింది. అద్దాల మేడ ఎదురుగా కొత్త ఏసీ హోటల్ పడ్డదట, మర్యాద చెయ్యదలచుకుంటే అక్కడ చెయ్యమంది.

లక్ష్మీనారాయణకు ఈ మాట బాగా నచ్చింది. "ఇటోళ్లది గాదు, అటోళ్లది గాదు. వడ్డించేటోడు గూడ మూడోడే. హోటల్ కన్న మంచి జాగ ఏడ దొర్కుతది? రోజు శుక్రారం పెడదం. ఆఫీసులోళ్లంత పని మీదుంటరు, హోటల్ ఖాళీగుంటది" అన్నాడు.

శుక్రవారం పూట ఆ ఆఫీసులవాళ్లు మందలు మందలుగా వచ్చి బయటే తింటారని ఆ ముగ్గురు నలుగురిలో ఎవరికీ తెలియదు.

బాలనర్సయ్య రెండు రోజుల ముందే వెళ్లి హోటల్ చూసి వచ్చాడు. మేనేజరు పేరు యజ్ఞనారాయణ, కోస్తా మనిషి, మెడలో టై, నుదుటి మీద చెమట. బాలనర్సయ్య నిలబడే అంతా చెప్పాడు. ఏడుగురం, ఒక పిల్లవాడు. ఒక్క వరసలో కూర్చోవాలి. అందరికీ ఒక్కసారే వడ్డించాలి. అవతలివాళ్లకు ముందు పెట్టాలి. కూర్చున్నాక ఎవరమూ లేవం, కాబట్టి మీవాళ్లే అన్నీ చూసుకోవాలి.

"అలాగేనండి, రాసుకున్నానండి" అన్నాడు యజ్ఞనారాయణ, నిజంగానే రాసుకుంటూ.

"వడ్డించేటోళ్లు మంచోళ్లేనా సారూ?"

"ట్రైనింగ్ అయినవాళ్లండి. బొంబాయిలో పెద్దపెద్ద హోటళ్లలో చేసొచ్చారు. మీరు కంగారు పడకండి."

బొంబాయి అన్న మాట బాలనర్సయ్యకు ధైర్యమిచ్చింది. అంత దూరం పోయి నేర్చుకున్నవాళ్లకు విస్తరి చూడడం రాకుండా ఉంటుందా అనుకున్నాడు. ఇంటికొచ్చి భూలక్ష్మితో, "మనకంటె మంచిగ వడ్డిస్తరట" అన్నాడు. రోహిణి సంచిలో చిన్న చొక్కా ఒకటి మడిచి పెడుతోంది. కొలత తెలియక మూడేళ్ల పిల్లలది కొన్నది.

శుక్రవారం ఒంటిగంటకు ముందే చేరారు. ఎండ బండలను కాల్చేస్తోంది. పుప్పాలగూడ జీపు కూడా అప్పుడే వచ్చి ఆగింది. కొమురమ్మ చంకలో నితీష్. వియ్యంకుడు ఓదెలు తెల్లధోవతి కట్టి, మోకాలు నొప్పితో కుంటుతూ దిగి, "ఏం బావ, మంచిదేనా" అన్నాడు. మాటలో పాత చనువు కొంచెం మిగిలే ఉంది. బాలనర్సయ్యకు గుండె మీది బండ కాస్త జరిగినట్టనిపించింది.

లోపల కాలు పెట్టేసరికి, గోడ పక్కన పొడుగ్గా వేసిన బల్లల చుట్టూ ముప్పైమంది కూర్చుని ఉన్నారు. మెడల్లో కార్డులు, చేతుల్లో చల్లని సీసాలు, ఒకటే నవ్వులు.

"సారీ అండి, కంపెనీవాళ్లు ఉన్నట్టుండి వచ్చేశారు. మా ఓనరుగారి మనుషులు. ఒక్క పది నిమిషాలు" అన్నాడు యజ్ఞనారాయణ, వాళ్ల వైపు చూస్తూనే.

పది నిమిషాలు నలభై అయ్యాయి. కూర్చోవడానికి ఏమీ లేదు. నీళ్లు రాని ఫౌంటెన్ గట్టు మీద ఓదెలు ఒరిగాడు. అక్కడ కూర్చోవద్దని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. కొమురమ్మ గట్టిగానే అంది:

"పెండ్లికి పిలిచి గేటు కాడ నిలబెట్టినట్టుంది. నిలబడి తిని పోవాల్నా, కట్టుకొని పోవాల్నా, జర అడుగుండ్రి."

"జర ఓపిక పట్టక్కా. పెద్ద హోటల్ గదా, పెద్దగనే ఆలస్యమైతది" అన్నాడు లక్ష్మీనారాయణ. ఓదెలు నవ్వాడు. మహేశ్ కూడా నేల చూస్తూ నవ్వాడు. ఆ నవ్వును పట్టుకుని బాలనర్సయ్య ఇంకో పది నిమిషాలు నిలబడగలిగాడు.

చివరికి పిలిచారు. తీరా చూస్తే నలుగురికి ఈ మూల, ముగ్గురికి ఆ మూల. బంతి రెండు ముక్కలు. బల్లలు కలపమని బాలనర్సయ్య సర్వర్‌ను అడిగాడు. వాడు తెల్లచొక్కా మీద నల్లకోటు వేసుకున్న నలభై ఏళ్ల మనిషి. బాలనర్సయ్య చెప్పులు చూశాడు, భూలక్ష్మి చీర చూశాడు, "అలౌడ్ నహీ" అన్నాడు. బాలనర్సయ్య ఆ కళ్లను చూసి లోపల్లోపల జంకాడు. ఇవి మొహాలు చూసే కళ్లు.

బాలనర్సయ్య పోయి యజ్ఞనారాయణ కాళ్లావేళ్లా పడితే, వంటింటి తలుపు పక్కన రెండు బల్లలు కలిపి వేశారు. ఒక వైపు ఓదెలు, కొమురమ్మ, మహేశ్. ఇంకో వైపు బాలనర్సయ్య, భూలక్ష్మి, రోహిణి. కొసన లక్ష్మీనారాయణ.

"నేల మీద కూసున్నా, కుర్చీల కూసున్నా బంతి బంతే" అని లక్ష్మీనారాయణ గొంతు సవరించుకుని చెప్పాడు. "ఇగ కూసున్నం. అందరం తిని, చెయ్యి కడగనీకె గూడ అందరం ఒక్కపారే లేవాలె. ఎవరు ముందు లేసినా నా తాన మాట లేదు."

సర్వర్ ఒక లావుపాటి పుస్తకం రోహిణి ముందు పడేసి పోయాడు. ఇంగ్లీషు చదవగలిగింది ఆమె ఒక్కతే. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటుంటే ఓదెలు, "గంత పుస్తకం చదివేసరికి ఆకలి సస్తది బిడ్డా. మటన్ బిర్యానీ చెప్పు, అయిపాయె" అన్నాడు. బిడ్డా అన్నాడు. భూలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడు మటన్ బిర్యానీలు చెప్పారు.

తరువాత ఏమీ జరగలేదు.

నిజంగానే ఏమీ జరగలేదు. ఏడుగురికి నాలుగు గ్లాసుల నీళ్లు వచ్చాయి. మిగతా మూడు రాలేదు. వంటింటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేడిగాలి, మసాలా వాసన, గిన్నెల మోత వచ్చి మీద పడేవి. పళ్లేలు వీళ్ల తలల మీదుగా గోడ పక్కకు పోయేవి. బాలనర్సయ్య చెయ్యెత్తాడు. సర్వర్ చూశాడు, చూసినట్టే చూసి వెళ్లాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి బస్సు మాట భూలక్ష్మి అనలేదు.

నితీష్ ఆకలికి ఏడుపు మొదలుపెట్టాడు. రోహిణి బల్ల మీది గిన్నెలోంచి చక్కెర పూసిన సోంపు నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, ఏమీ మాట్లాడకుండా, అటువైపు చాచింది. వాడు నానమ్మ ఒళ్లోంచి చాలాసేపు ఆ చేతినే చూశాడు. తరువాత ఒక్కో గింజా ఏరుకుని తిన్నాడు. గింజలు అయిపోయాక వంగి, ఆ అరచేతికి అంటిన చక్కెరను నాకాడు. రోహిణి చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకోవడం బాలనర్సయ్య చూశాడు. మహేశ్ కూడా చూశాడేమో, ఉన్నట్టుండి నీళ్ల గ్లాసు రోహిణి వైపు జరిపాడు.

ఇక ఒక్క పళ్లెం అన్నం పడితే చాలు. ఏ అన్నమైనా సరే.

అప్పుడు మూడు పళ్లేలు వచ్చాయి. సర్వర్ చేతికి అందిన వైపు పెట్టేశాడు. ఒకటి లక్ష్మీనారాయణకు, ఒకటి భూలక్ష్మికి, ఒకటి రోహిణికి. అవతలివాళ్ల ముందు ఖాళీ ప్లేట్లే. భూలక్ష్మి నిప్పును తోసినట్టు తన పళ్లెం కొమురమ్మ వైపు తోసింది.

"ఒకల ముందల పెట్టింది మాకెందుకు వదినా? మీరు తినుండ్రి. మేం మీ తిండి జూసి పోతం" అంది కొమురమ్మ.

"అన్నీ రానియ్యక్కా, వస్తయ్" అన్నాడు లక్ష్మీనారాయణ. వచ్చింది సర్వరే. "మటన్ ఖతమ్. వెజ్ హై" అన్నాడు.

"గా వరసోళ్లకు ఇప్పుడే గద తెచ్చిండు" అన్నాడు మహేశ్. సర్వర్ భుజాలు ఎగరేసి వెళ్లాడు.

మూడు పళ్లేలూ ఎవరూ ముట్టక చల్లారుతున్నాయి. నేతి మీద తెల్లటి పొర కడుతోంది. ముప్పై ఏళ్లలో బాలనర్సయ్య చేతిమీదుగా ఇలాంటి విస్తరి ఒక్కటి లేదు. బిడ్డకు రాజీ కుదిర్చేది ఈ తెల్లచొక్కాలా? తను ముప్పై ఏళ్లు ఎవరెవరి బిడ్డలకో వడ్డించాడు. తన బిడ్డకు వడ్డించే మూడో చెయ్యి ఈ భూమ్మీద లేకుండా పోయిందా? అతను ఎదుటివాళ్ల మొహాలు చూడలేక అలవాటుగా బల్ల మీదికి చూపు దించాడు.

ఓదెలు రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు.

అది లేవబోయే మనిషి చేసే పని. ఆ గుర్తు బాలనర్సయ్యకు ఎన్నడూ తప్పలేదు. వేల విస్తర్ల ముందు చూశాడు, ప్రతిసారీ ముందే పసిగట్టి ఆపాడు. ఓదెలు లేస్తే అయిపోయినట్టే. పిల్లవాడు అటే, బిడ్డ ఇటే. ఆ క్షణంలో అతను వియ్యంకుడు కాడు, బంతిలో కూర్చున్న మనిషీ కాడు. వడ్డించేవాడు.

"బావ, ఒక్క నిమిషం, వస్తున్నది" అని లేచి, వంటింటి తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

లోపల పెద్ద డేగిసాలో బిర్యానీ నిండుగా ఉంది. ఆవిరి పోకుండా గుడ్డ కప్పి ఉంది, కంపెనీవాళ్లు రెండోసారి అడుగుతారని. వంటవాడు అరిచాడు. బాలనర్సయ్యకు వినబడలేదు. ఒక స్టీలు పళ్లెం లాక్కున్నాడు, గంటె అందుకున్నాడు, అడుగునుంచి తిప్పి ముక్కలు పైకి తెచ్చి నింపాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వెనకాల యజ్ఞనారాయణ, "బాబాయ్‌గారూ, కస్టమర్లు లోపలికి రాకూడదండి" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

బాలనర్సయ్య బయటికొచ్చి కొమురమ్మ కుడి పక్కన నిలబడి, నడుం వంచి, మెత్తటి ముక్క చూసి వడ్డించాడు. తరువాత ఓదెలుకు. తరువాత మహేశ్‌కు. గింజ కూడా కింద పడలేదు. మహేశ్ వేళ్లు అప్పుడే అన్నంలో పెట్టేశాడు.

"అన్నా" అంది కొమురమ్మ. పళ్లెం ముట్టలేదు. "మీ కుర్చీ జూడుండ్రి."

బాలనర్సయ్య తల తిప్పాడు. భూలక్ష్మికీ రోహిణికీ పక్కన అతని కుర్చీ ఖాళీగా, కొంచెం వెనక్కి జరిగి ఉంది.

గోడ పక్క ఎవరిదో పుట్టినరోజు కాబోలు, చప్పట్లు కొడుతున్నారు.

"వడ్డించనీకె లేచిండు గదనే. ఓదెలన్న లేస్తడేమోనని లేచిండు" అంది భూలక్ష్మి.

"నేనెందుకు లేస్త?" ఓదెలు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మోకాలు గుంజుతుంటె జర జరిగి కూసున్న. లేద్దమని గాదు బావ. నేను లెవ్వకపోదును." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో బాధ ఉంది. అది బాలనర్సయ్యకు కోపం కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

"లేచింది ఆడపిల్ల తండ్రి. వడ్డించింది గూడ ఆయన చెయ్యే. మూడో చెయ్యి గాదు. ఎట్ల జూసినా బంతి ఇరిగింది. మేం ఇరగ్గొట్టలె. పెద్దమనిషి చెప్పాలె" అంది కొమురమ్మ.

అందరూ లక్ష్మీనారాయణ వైపు తిరిగారు. ఆయన తన ముందున్న చల్లారిన పళ్లెం చూస్తూ ఉండిపోయాడు.

"బాలనర్సూ, ముప్పై ఏండ్లల్ల నువ్వు చూడని బంతి ఉన్నదా? ఎందుకు లేచినవ్ రా" అన్నాడు. అంతే అన్నాడు. కాదని అనలేదు.

కొమురమ్మ లేచింది. ఓదెలు బల్ల పట్టుకుని, మోకాలు సవరించుకుని, నెమ్మదిగా లేచాడు. "మహేశ్" అంది కొమురమ్మ. మహేశ్ వేళ్ల నిండా అన్నం. అతను తల్లిని చూశాడు, రోహిణిని చూడలేదు. చెయ్యి కాగితానికి తుడుచుకుని లేచాడు. నానమ్మ భుజం మీదినుంచి నితీష్ సోంపు గిన్నె వైపు చెయ్యి చాచి, దొరక్క, మళ్లీ ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు గాజు తలుపు దాకా వినబడింది, తలుపు మూసుకున్నాక వినబడలేదు.

"లే బిడ్డా. పోదం" అంది భూలక్ష్మి.

రోహిణి కదల్లేదు. పళ్లెం ముందు వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. సోంపు ఇచ్చిన చెయ్యి ఇంకా బల్ల మీద వెల్లకిలా ఉంది.

"నేను లెవ్వలె నాయినా" అంది. "పోయి చెప్పు. రోహిణి ఇంక కూసునే ఉన్నదని చెప్పు. అందరు లేస్తె గద బంతి అయిపోయేది. నేను లెవ్వలె. ఉరుకు."

బాలనర్సయ్య ఉరికాడు. గంటె చేతిలోనే ఉంది. ఫౌంటెన్ దాటి, వాచ్‌మన్‌ను తోసుకుని, మంటలు లేస్తున్న రోడ్డు మీదికి వచ్చేసరికి జీపు గచ్చిబౌలి వైపు మలుపు తిరుగుతోంది. "ఓదెలు బావా, నా బిడ్డ లెవ్వలె" అని అరిచాడు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. తను ఇరవై ఏళ్లు కొట్టిన గుట్ట మీదే పరుగెత్తుతున్నాడు, అయినా ఆ తారురోడ్డు కింద అది అతనికి తెలియలేదు. మలుపు దగ్గరికి చేరేసరికి దుమ్ము కూడా అణిగిపోయింది.

అతను తిరిగి వచ్చాడు. లక్ష్మీనారాయణ గుమ్మం బయట నిలబడి ఉన్నాడు, బాలనర్సయ్యను చూసి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల రోహిణి అక్కడే ఉంది. భూలక్ష్మి పక్కన నేల మీద కూలబడి బిడ్డ మోకాలు పట్టుకుంది. యజ్ఞనారాయణ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. అతని వెనక తెల్లచొక్కా సర్వర్ రెండు చేతుల నిండా పళ్లేలతో ఉన్నాడు. మటన్ బిర్యానీలు, పొగలు కక్కుతున్నవి, నాలుగు.

"ఆర్డరు అటువైపు పోయిందండి, పొరపాటైంది" అన్నాడు యజ్ఞనారాయణ. "పెట్టమంటారా? లేకపోతే... బయట వెయిటింగ్ ఉన్నారండి, ఈ బల్ల..."

సర్వర్ ఎవరి జవాబు కోసమూ చూడకుండా ఖాళీ కుర్చీల ముందు ఒక్కోటీ పెట్టేశాడు. ఓదెలు చోట, కొమురమ్మ చోట, మహేశ్ చోట. నాలుగోది బాలనర్సయ్య కుర్చీ ముందు.

"కూసో నాయినా" అంది రోహిణి, తల ఎత్తకుండా.

అతను కూర్చోలేదు. కూర్చుంటే లేవవలసి వస్తుందని భయం వేసింది. బంతి కొసన, ఎప్పుడూ నిలబడే చోట, కాలిన కాళ్లతో నిలబడి, గంటె కిందికి దించి, పళ్లేలను చూస్తూ ఉండిపోయాడు. తను వడ్డించిన మూడింటిలో ఒక్కదానిలో మాత్రం నాలుగు వేళ్ల గుర్తు ఉంది.

"బాబాయ్‌గారూ" అన్నాడు యజ్ఞనారాయణ మెల్లగా.

"జర ఆగు సారూ" అన్నాడు బాలనర్సయ్య. "బంతి ఇంక లెవ్వలె."